అన్న తెచ్చిన ఉత్తరం

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వస్తుంది. పేపర్లలో వ్యాసాలు వేస్తారు, కాలేజీల్లో ర్యాలీలు తీస్తారు, మా ప్రభుత్వ ఆస్పత్రుల గేట్లకు బ్యానర్లు కడతారు. ఈ రోజును 1992లో మొదలుపెట్టింది వరల్డ్ ఫెడరేషన్ ఫర్ మెంటల్ హెల్త్ అనే సంస్థ. దాని మూలాలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే అక్కడ మీకు ఒక పెద్ద డాక్టరో, మంత్రిగారో కనిపించరు. మూడేళ్లు పిచ్చాసుపత్రుల్లో గడిపి వచ్చిన ఒక రోగి కనిపిస్తారు. ఆయన పేరు క్లిఫర్డ్ బీర్స్. (పిచ్చాసుపత్రి అనే మాట నాకు నచ్చదు. ఆ రోజుల్లో వాటిని అలాగే చూసేవారు కాబట్టి ఈ ఒక్కసారికి వాడాను.)

మీ ఇంట్లోనో, దగ్గరి బంధువుల్లోనో ఎవరికైనా తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చి ఉంటే, ఈయన కథలో మీకు తెలిసిన ముఖాలు చాలా కనిపిస్తాయి.

బీర్స్ 1876 మార్చి 30న అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టారు. మధ్యతరగతి ఇల్లు. ఇంట్లో మగపిల్లలు తిరుగుతుంటే ఎలా ఉంటుందో అలాంటి సందడి. చదువు ఊళ్లోనే ఉన్న యేల్ విశ్వవిద్యాలయంలో. సరిగ్గా కాలేజీలో చేరే ముందు, 1894లో, అన్నదమ్ముల్లో ఒకరికి ఫిట్స్ మొదలయ్యాయి. అప్పటిదాకా నిక్షేపంలా ఉన్న మనిషి కళ్లముందే పడిపోయి కొట్టుకోవడం క్లిఫర్డ్ చూశారు, దగ్గరుండి సేవ చేశారు. అక్కడే ఆయన మనసులో ఒక భయం పాతుకుపోయింది. ఇంత ఆరోగ్యంగా ఉన్నవాడికే వచ్చింది, రేపు నాకు రాదని ఏమిటి?

ఈ భయాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. క్లాసులో లేచి పాఠం అప్పజెప్పాల్సి వస్తే అందరిముందూ ఫిట్స్ వస్తాయేమోనని వణికిపోయేవారు. ఒంట్లో బాగుండట్లేదని చెప్పి, తనను లేపవద్దని మాస్టార్లను బతిమాలుకున్నారు. వాళ్లూ ఒప్పుకున్నారు. అలా నెట్టుకొచ్చి 1897లో డిగ్రీ పుచ్చుకుని, తర్వాత న్యూయార్క్‌లో ఉద్యోగంలో చేరారు. బయటివాళ్లకు ఆయన చురుకైన, కలుపుగోలు కుర్రాడు. లోపల ఆరేళ్లుగా భయం తొలుస్తూనే ఉంది. మానసిక సమస్య ఉన్నవాళ్లు చూడగానే తెలిసిపోతారని మనలో చాలామంది అనుకుంటాం. తెలియదు. ఓపీలో నా ఎదుట కూర్చున్న వాళ్లలో కూడా చాలాసార్లు మొదటి పది నిమిషాల్లో తెలియదు. కడుపులో మంట అనో, నిద్ర పట్టట్లేదనో వస్తారు.

1900 జూన్‌లో ఆయన పూర్తిగా కుంగిపోయి ఇంటికి వచ్చేశారు. కొద్దిరోజుల్లోనే, జూన్ 23న, ప్రాణం తీసుకోవాలని ఇంటి పై అంతస్తు నుంచి దూకారు. కాలి ఎముకలు విరిగాయి కానీ ప్రాణం దక్కింది. (ఇది చదువుతుంటే మీకు ఎవరైనా గుర్తొస్తే, లేక మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే, టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.) విచిత్రం ఏమిటంటే, కింద పడిన క్షణంలోనే ఆయనలో ఫిట్స్ భయం మాయమైపోయింది. దాని స్థానంలో అంతకంటే దారుణమైనవి వచ్చాయి. ఏ సోదరుడి జబ్బు చూసి ఆయన బెదిరిపోయారో ఆ సోదరుడు కొద్దిరోజులకే, జులైలో, కన్నుమూశారు. అది మామూలు మూర్ఛ కాదని, మెదడులో కణితి అని తేలింది. అంటే ఆరేళ్లపాటు తనకు వస్తుందని వణికిపోయిన జబ్బు అసలు ఆ ఇంట్లో లేనేలేదు.

ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచిన బీర్స్‌కు కిటికీకి ఉన్న ఊచలు కనిపించాయి. అంతే, ఇది జైలు అని నిశ్చయించుకున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినందుకు పోలీసులు కేసు పెట్టారని, వచ్చేపోయే వాళ్లంతా మఫ్టీలో ఉన్న డిటెక్టివులని, అన్నంలో ఏదో కలుపుతున్నారని నమ్మారు. చెవుల్లో లేని గొంతులు వినిపించేవి. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు, అన్న కూడా అసలువాళ్లు కాదు, వేషం వేసుకొచ్చిన డిటెక్టివులు! మా భాషలో వీటిని భ్రాంతులు, భ్రమలు అంటాం. అయినవాళ్లను వేషగాళ్లనుకోవడం మీకు సినిమా కథలా అనిపించవచ్చు కానీ, మానసిక వైద్యుల దగ్గర అది అరుదైన సంగతేమీ కాదు. ఆయన కోణం నుంచి ఆలోచించండి. తప్పు మాట దొర్లితే అయినవాళ్లందరూ ఇరుక్కుంటారు. అందుకే ఆయన మాట్లాడటం మానేశారు. రెండేళ్లపాటు దాదాపు మౌనం. చూసేవాళ్లకు మొద్దుబారిన మనిషి. లోపల మాత్రం క్షణం తీరిక లేని భయం.

మొదట ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పెట్టారు. అక్కడ రాత్రిళ్లు చేతులు కదలకుండా బిగించేవారు. ఖర్చు భరించలేక ఇంట్లోవాళ్లు అక్కడి నుంచి తీసేశాక, ఆయనతో దయగా మెలిగిన ఒక అటెండరు తన సొంత ఇంట్లో కొన్ని నెలలు పెట్టుకుని చూసుకున్నాడు. ఆ ఇంట్లోవాళ్లనూ బీర్స్ డిటెక్టివులనే అనుమానించారనుకోండి, అది వేరే సంగతి. జీవిత చరిత్రలు రాసేవాళ్లు ఈ అటెండరును ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అక్కడ ఆగాలనిపిస్తుంది. తాళాలూ, ఊచలూ లేని ఇంట్లో, నలుగురి మధ్య ఒక తీవ్రమైన రోగిని ఉంచుకోవచ్చని 1901లోనే ఒక చిన్న ఉద్యోగి చేసి చూపించాడు.

తర్వాత హార్ట్‌ఫర్డ్‌లోని రిట్రీట్ అనే ఆస్పత్రి. ఈ కాలమంతా అన్న జార్జి వస్తూనే ఉన్నారు. తమ్ముడు పలకడు, ముఖం చూడడు, పైగా నువ్వు నా అన్నవే కాదన్నట్టు చూస్తాడు. అయినా వచ్చారు.

1902 ఆగస్టులో ఏం జరిగిందో చెబుతాను. సాటి రోగి ఒకాయనతో బీర్స్‌కు చనువు ఏర్పడింది. ఆయనకు బయటికి వెళ్లి వచ్చే స్వేచ్ఛ ఉంది. డాక్టర్లతో మాట్లాడని మనిషి ఈ మిత్రుడితో మాట్లాడారు, గమనించండి. ఇద్దరూ కలిసి ఒక పరీక్ష ఆలోచించారు. అన్న పేర ఆయన ఇంటి చిరునామాకు ఉత్తరం రాయడం, ఆస్పత్రివాళ్ల చేతికి చిక్కకుండా మిత్రుడు దాన్ని బయట డబ్బాలో వేయడం. చూడటానికి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం వెంట తీసుకురావాలన్నది షరతు. వచ్చినవాడు వేషగాడైతే అతని దగ్గర ఈ ఉత్తరం ఉండదు కదా! రెండేళ్ల పైచిలుకు కాలంలో ఆయన రాసిన మొదటి ఉత్తరం అది.

ఆగస్టు 30న అన్న వచ్చారు. జేబులోంచి ఉత్తరం తీసి చూపించారు. దాన్ని చూసిన క్షణంలో 798 రోజుల భ్రమ కుప్పకూలింది. అన్న అన్నగా కనిపించారు.

ఇది చదివి మీరు ఇంట్లో ఇలాంటి పరీక్షలు పెట్టకండి. భ్రమను వాదనతోనో, సాక్ష్యంతోనో కరిగించడం సాధారణంగా కుదరదు. వాదించేకొద్దీ రోగి మిమ్మల్నీ శత్రువుల జాబితాలో చేర్చుకుంటాడు. బీర్స్ విషయంలో అప్పటికే జబ్బు దశ మారుతోందని నా ఉద్దేశం. ఆయనకున్నది మనం ఇప్పుడు బైపోలార్ డిజార్డర్ అంటున్న జబ్బే కావచ్చు. అందులో లోతైన కుంగుబాటు తర్వాత ఒక్కోసారి అదుపులేని ఉత్సాహం ముంచుకొస్తుంది. ఇప్పుడైతే మందులున్నాయి. లిథియం ఈ జబ్బుకు పనిచేస్తుందని తెలిసింది 1949లో, భ్రమలు తగ్గించే మొదటి మందు క్లోర్‌ప్రొమజైన్ వచ్చింది 1952లో. బీర్స్ కాలంలో ఇవేవీ లేవు. జబ్బు తనంతట తాను ఊగిసలాడాలి, చుట్టూ ఉన్నవాళ్లు కాచుకోవాలి. ఆ కాచుకోవడంలో అన్న మానేసి ఉంటే ఉత్తరం రాయడానికి చిరునామా ఉండేది కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేసే మాకు ఇది బాగా తెలిసిన నొప్పి. మందులతో కోలుకుని ఇంటికి వెళ్లడానికి సంచి సర్దుకున్న మనిషి ఉంటారు. చేర్చినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం మోగదు.

అన్న వచ్చి వెళ్లిన వెంటనే ఉత్సాహం వరదలా వచ్చింది. రెండేళ్ల మౌనం బద్దలై మాటలు ఆగలేదు. కాగితాలు చాలక, చుట్టలు చుట్టిన ప్యాకింగు కాగితం మీద అడుగుల కొద్దీ ఉత్తరాలు రాశారు. ప్రపంచంలోని ఆస్పత్రులన్నీ బాగుచేసేస్తానన్నారు. డాక్టర్లతో గొడవపడ్డారు, ఆజ్ఞలు ధిక్కరించారు. దానికి వాళ్లు ఇచ్చిన జవాబు, చేతులు కదలకుండా కట్టే బిగుతు చొక్కా. వరసగా 21 రాత్రులు అందులో ఉంచారు. ఆ తర్వాత మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. అక్కడ అన్నింటికంటే ఘోరమైన వార్డులో ఏం జరుగుతుందో చూడాలని ఆయనే కోరి గొడవచేసి మరీ అందులో పడ్డారు! చూశారు, అనుభవించారు. చలి గదిలో ఒంటిమీద సరైన బట్టలు లేకుండా ఉండటం, నోరులేని రోగులను అటెండర్లు కొట్టడం, గొంతు నొక్కడం. అదే అటెండర్లలో మంచివాళ్లనూ చూశారు. అక్కడి నుంచే రాష్ట్ర గవర్నరుకు దొంగచాటుగా పేజీల కొద్దీ ఫిర్యాదు పంపారు. గవర్నరు దాన్ని చెత్తబుట్టలో వేయకుండా జవాబిచ్చారు.

1903 సెప్టెంబరులో బయటపడ్డారు. అప్పటికి వయసు 27.

ఇప్పుడు అసలు కథ మొదలవుతుందని మామూలుగా రాస్తారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకుముందే ఉంది. పాత యజమానులు ఆయన్ను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు! ఒక్కసారి మీ ఆఫీసు సంగతి ఆలోచించండి. మూడేళ్లు మానసిక ఆస్పత్రిలో ఉండి వచ్చిన ఉద్యోగికి పాత కుర్చీ దొరుకుతుందా? పెళ్లి సంబంధం మాట పక్కన పెడదాం, అద్దెకు ఇల్లు దొరుకుతుందా? డాక్టరు ఇచ్చిన మాత్ర లక్షణాలను తగ్గిస్తుంది. మనిషిని నిలబెట్టేది పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, వెళ్తే పలకరించే నాలుగు ముఖాలు. బీర్స్‌కు అవి దొరికాయి కాబట్టే మిగతాదంతా చేయగలిగారు.

తన అనుభవాన్ని పుస్తకంగా రాయాలని కూర్చున్నప్పుడు ఉత్సాహం మళ్లీ అదుపు తప్పుతోందని అన్న కనిపెట్టారు. మళ్లీ ఆస్పత్రికా అని బీర్స్ మొండికేయలేదు. 1905 జనవరిలో తనంతట తానే వెళ్లి, తనను 21 రాత్రులు కట్టేసిన అదే రిట్రీట్‌లో కొద్దికాలం చేరారు. జబ్బు తిరగబెట్టే సూచన కనిపించగానే గుర్తుపట్టడం, ఇంట్లోవాళ్ల మాట వినడం, ముందే చికిత్సకు వెళ్లడం. ఇవాళ మేం రోగులకూ కుటుంబాలకూ నేర్పేది సరిగ్గా ఇదే. ఆయన ఇదంతా ఎవరూ నేర్పకుండానే చేశారు.

పుస్తకం 1908 మార్చిలో వచ్చింది. పేరు ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్, తనను తాను వెతికి పట్టుకున్న మనసు అని చెప్పుకోవచ్చు. ఆవేశంగా అచ్చేసి పారేయలేదు. ముందుగా రాతప్రతిని ఆ కాలపు మహా తత్వవేత్త, హార్వర్డ్ ఆచార్యుడు విలియం జేమ్స్‌కు పంపారు. ఆయన మెచ్చుకుని రాసిన ఉత్తరమే పుస్తకానికి ముందుమాటలో చేరింది. తర్వాత మానసిక వైద్యుల్లో పెద్దాయన అడాల్ఫ్ మయర్‌కు చూపించి, ఆయన చెప్పిన సవరణలు చేశారు. తనను కొట్టినవాళ్ల పేర్లు, ఆస్పత్రుల పేర్లు పుస్తకంలో పెట్టలేదు. కొద్దిపాటి జీతానికి, శిక్షణ ఏమీ లేకుండా, రోజంతా పనిచేసే అటెండరును తిట్టి లాభం లేదని, ఏర్పాటే మారాలని ఆయన తెలుసుకున్నారు. పగ తీర్చుకునే పుస్తకమై ఉంటే ఆరు నెలల్లో మరిచిపోయేవారు.

ఆ మే 6న న్యూ హేవెన్‌లో గుప్పెడుమంది ఒక ఇంట్లో కూర్చుని కనెక్టికట్ మానసిక ఆరోగ్య సంఘాన్ని స్థాపించారు. డాక్టర్లు, అధ్యాపకులు, మతాచార్యులు, వాళ్లతో సమానంగా ఒక మాజీ రోగి. ఆస్పత్రుల్లో పరిస్థితులు మార్చడం ఒక్కటే కాదు, కోలుకుని బయటికి వచ్చినవాళ్లకు సమాజంలో తోడు నిలవడం కూడా వాళ్ల లక్ష్యాల్లో ఉంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జాతీయ కమిటీ ఏర్పడింది. 1913లో న్యూ హేవెన్‌లోనే ఒక క్లినిక్ తెరిచారు. పడకలు లేవు, ఊచలు లేవు. వచ్చి, మాట్లాడి, చికిత్స తీసుకుని ఇంటికి వెళ్లిపోవడమే. మానసిక సమస్యలకు అమెరికాలో మొదటి ఔట్‌పేషెంట్ క్లినిక్ అదేనంటారు. ఇవాళ మీరు ఏ జిల్లా ఆస్పత్రి మానసిక ఓపీలోనైనా చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చుంటే, ఆ పద్ధతికి పాత చుట్టం ఈ క్లినిక్కే.

డబ్బు మాత్రం లేదు. మొదటి ఏళ్లలో బీర్స్ అప్పులు చేసి నడిపారు. విలియం జేమ్స్ వెయ్యి డాలర్లు ఇచ్చారు. తర్వాత హెన్రీ ఫిప్స్ అనే ధనవంతుడు 50 వేల డాలర్లు ఇచ్చాక ఊపిరి ఆడింది. తొందర పెట్టే స్వభావం వల్ల మయర్‌తో చెడింది. నెమ్మదిగా, ఒక్క రాష్ట్రంలో గట్టిగా పనిచేసి చూపిద్దామని మయర్, దేశమంతా ఒకేసారి అని ఈయన. ఎవరిది సరైన మాటో ఇప్పటికీ చెప్పడం కష్టమే. ఉద్యమం పెరిగేకొద్దీ అందులో పెద్ద డిగ్రీలవాళ్ల మాట పెరిగింది. దృష్టి ఆస్పత్రిలో మగ్గే రోగి మీద నుంచి బడిపిల్లల మీదకు, నివారణ మీదకు మళ్లింది. ఆ కాలపు మోజుల్లో ఒకటైన జాతి మెరుగుదల సిద్ధాంతాన్ని, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లు చేయాలనే దాన్ని, ఉద్యమంలో కొందరు సమర్థించారు కూడా. ఆ మచ్చను దాచిపెట్టి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు. బీర్స్ 1912లో క్లారా జెప్సన్‌ను పెళ్లాడారు. కుటుంబంలో ఉన్న జబ్బు పిల్లలకు వస్తుందేమోనని దంపతులు సంతానం వద్దనుకున్నారు. ఇప్పుడు ఎవరైనా ఇదే ప్రశ్నతో వస్తే, రిస్కు కొంత పెరిగే మాట నిజమే కానీ తప్పనిసరిగా వస్తుందని కాదని చెబుతాం, నిర్ణయం వాళ్లకే వదిలేస్తాం.

1930లో వాషింగ్టన్‌లో తొలి అంతర్జాతీయ మానసిక ఆరోగ్య మహాసభ జరిగింది. దాదాపు 40 దేశాల నుంచి మూడు వేల మంది వచ్చారు. 28 ఏళ్ల కిందట ప్యాకింగు కాగితం మీద ప్రపంచాన్ని బాగుచేస్తానని రాసుకున్న మనిషి దాన్ని జరిపించారు! పిచ్చిలో అన్న మాటలన్నీ పిచ్చి మాటలు కావని నవ్వుతూ మా పీజీలకు చెబుతుంటాను.

మన దగ్గరికి వద్దాం. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో మానసిక రోగుల కుటుంబాలను ఆస్పత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉండనిచ్చారు. రోగులు త్వరగా కోలుకున్నారు, ఇంటివాళ్లకు జబ్బంటే భయం పోయింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయ కేంద్రం పాకలకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మనుషులు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ రెండూ ఈ దేశమే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. సమాజంలో నలుగురితో కలిసి బతికే హక్కు ఇచ్చింది. తెలివి స్థిమితంగా ఉన్నప్పుడే, రేపు జబ్బు చేస్తే నాకు ఎలాంటి వైద్యం చేయాలి, నా తరఫున ఎవరు మాట్లాడాలి అన్నది రాసి పెట్టుకోవచ్చంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదని కూడా అందులో ఉంది. కేసు పెడతారన్న భయంతో రెండేళ్లు నోరు కట్టేసుకున్న బీర్స్‌ను తలుచుకోకుండా ఆ సెక్షన్ చదవలేను. ఇప్పటికీ ఇలాంటి కేసు క్యాజువాలిటీకి వస్తే, పోలీసులకు చెబుతారా అన్నదే ఇంటివాళ్ల మొదటి ప్రశ్న. చట్టం ఉన్న సంగతి మీరు పదిమందికి చెబితే మా పని కొంత తేలికవుతుంది.

బీర్స్ జీవితం సుఖాంతమని మాత్రం చెప్పలేను. తోబుట్టువులనూ మానసిక వ్యాధి వదల్లేదు. 1939లో, 63 ఏళ్ల వయసులో, ఆయనకు జబ్బు తిరగబెట్టింది. పాత అనుమానాలు మళ్లీ కమ్ముకున్నాయి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బట్లర్ ఆస్పత్రిలో చేరారు. అప్పుడు దాని సూపరింటెండెంటు, ఉద్యమంలో ఆయనతో కలిసి పనిచేసిన డాక్టర్ ఆర్థర్ రగ్గల్స్. మూడు దశాబ్దాల పైగా బాగున్న మనిషికి మళ్లీ రావడం ఓటమి అని కొందరు అనుకుంటారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఏళ్ల తర్వాత మళ్లీ అదుపు తప్పితే మనం అలా అనం కదా. ఆ ముప్పై ఆరేళ్లు ఆయన పనిచేశారు, పెళ్లి చేసుకున్నారు, ప్రయాణాలు చేశారు, స్నేహాలు నిలుపుకున్నారు, తగాదాలు పెట్టుకున్నారు. 1943 జులై 9న అదే ఆస్పత్రిలో కన్నుమూశారు.

ఆయన పోయిన పదేళ్లకు, ఆయన స్థాపించిన కమిటీ వారసుడైన సంస్థ దేశంలోని ఆస్పత్రులకు ఒక కోరిక కోరింది. మూలన పడేసిన సంకెళ్లు, గొలుసులు ఉంటే పంపమని. వచ్చిన ఇనుమును బాల్టిమోర్‌లోని ఒక ఫౌండ్రీలో కరిగించి, 1953 ఏప్రిల్‌లో గంట పోతపోశారు. దాని బరువు 300 పౌండ్లు, మన లెక్కలో 136 కిలోలు.